లోగో దాకా వచ్చి ఆగిపోతున్న ల్యాప్‌టాప్

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ కొని ఐదేళ్లయింది. విండోస్ 11 ఉంది. మొన్న రాత్రి పని ముగించి షట్‌డౌన్ చేయబోతే, అప్‌డేట్ జరుగుతోందని, కంప్యూటర్ ఆపవద్దని వచ్చింది. నిద్ర ముంచుకొస్తుంటే మూత దించేసి పడుకున్నాను. ఛార్జర్ కూడా పెట్టలేదు. పొద్దున బటన్ నొక్కితే లైటు వెలిగింది, ఫ్యాన్ తిరిగిన చప్పుడు వచ్చింది, కంపెనీ లోగో కనిపించింది, దాని కింద చుక్కలు గుండ్రంగా తిరిగాయి. తర్వాత అంతా నలుపే. ఎన్నిసార్లు ఆపి మళ్లీ ఆన్ చేసినా ఇంతే. రిపేరు చేసే ఆయనకు ఫోన్ చేస్తే "మదర్‌బోర్డు పోయి ఉంటుంది" అన్నారు. మా మరిదేమో "విండోస్ పాడైంది వదినా, ఫార్మాట్ కొట్టేస్తే సరి" అంటున్నాడు. అందులో పిల్లల ఫొటోలు, నేను సగం దాకా అనువదించిన పుస్తకం ఉన్నాయి. ఇంకెక్కడా కాపీ లేదు. టెన్షన్‌తో తల పనిచేయడం లేదు. ఏం చేయమంటారు?

— ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ ఇద్దరి తీర్పుల సంగతి చూద్దాం. మదర్‌బోర్డు పోతే ఫార్మాట్ కొట్టడానికి కూడా వీలుండదు. ఫార్మాట్‌తో సరిపోయే జబ్బైతే మదర్‌బోర్డుకు ఢోకా లేనట్టే. కాబట్టి ఇద్దరిలో ఒకరు కచ్చితంగా తప్పు. మీరు రాసినదాన్ని బట్టి రిపేరు ఆయన మాట నిలబడదు. మీ మరిది అనుమానం చాలావరకు సరైనదే, కానీ ఆయన చెప్పిన మందు మాత్రం ఇప్పుడు వేయకండి. మీ ఫొటోలు, పుస్తకం బయటికి వచ్చేదాకా ఆ ల్యాప్‌టాప్ దగ్గర ఫార్మాట్ అనే మాటే ఎత్తనివ్వకండి.

అంత ధైర్యంగా ఎలా చెబుతున్నానంటే, మీరు రాసిన ఒక్క వాక్యంలో చాలా సమాచారం ఉంది. లోగో కనిపించింది, కింద చుక్కలు తిరిగాయి అన్నారు. బటన్ నొక్కగానే మొదట బోర్డుకు కరెంటు అందాలి, ప్రాసెసర్ మేలుకోవాలి, ర్యామ్ (పని జరుగుతున్నంతసేపు డేటా ఉంచుకునే జ్ఞాపకం) పలకాలి, స్క్రీన్ వెలగాలి. ఇవన్నీ జరిగాకే కంపెనీ లోగో వస్తుంది. అక్కడిదాకా పని అంతా బయాస్‌ది. బయాస్ అంటే బోర్డు మీదే ఉండే చిన్న ప్రోగ్రాం. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో దాన్ని యూఈఎఫ్ఐ అంటారు, అందరూ పాత అలవాటు కొద్దీ బయాస్ అనే అంటున్నారు. లోగో కింద తిరిగే చుక్కలు మాత్రం బయాస్‌వి కావు, విండోస్‌వి. అవి కనిపించాయంటే బయాస్ మీ డిస్క్‌ను గుర్తుపట్టింది, అందులోంచి విండోస్‌ను చదవడం మొదలుపెట్టింది అని అర్థం. అంటే డిస్క్ పూర్తిగా చచ్చిపోలేదు. మీకు అన్నిటికంటే ముఖ్యమైన కబురు ఇదే.

ఆగిపోతున్నది చుక్కలకూ, పాస్‌వర్డ్ అడిగే స్క్రీన్‌కూ మధ్యలో. అక్కడ అనుమానించాల్సినవి మూడు. మొదటిది, సగంలో తెగిపోయిన అప్‌డేట్. ఛార్జర్ లేకుండా మూత మూశారు కాబట్టి, బ్యాటరీ అయిపోయి పని మధ్యలో ఆగి ఉండొచ్చు. రెండోది, ఆ అప్‌డేట్‌తో వచ్చిన గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే స్క్రీన్ మీద బొమ్మ వేయించే ప్రోగ్రాం. ఇదైతే విండోస్ లోపల మామూలుగానే నడుస్తూ ఉంటుంది, బొమ్మ మాత్రం రాదు. మూడోది, డిస్క్‌లో కొన్ని చోట్ల చదవలేనంత పాడు. ఐదేళ్ల మిషన్ కాబట్టి దీన్ని కొట్టిపారేయలేం.

ఇప్పుడు ఒక పని ఆపండి: ఆపడం, మళ్లీ నొక్కడం. లోపల ఉన్నది పాతకాలపు తిరిగే హార్డ్‌డిస్క్ అయితే, ఆన్ చేసినప్పుడల్లా దాని మీద భారం పడుతుంది. ల్యాప్‌టాప్‌కు చెవి ఆనించి వినండి. ఒకే లయలో టక్, టక్ మని చప్పుడు వస్తుంటే వెంటనే ఆపేసి, దాన్ని ఇక ఆన్ చేయకుండా డేటా రికవరీ చేసేవాళ్లకే ఇవ్వండి. ఆ చప్పుడు ఉన్నప్పుడు ఈ జవాబులో మిగతా సలహాలేవీ మీకు వర్తించవు. ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని కొత్తరకం డిస్క్) అయితే చప్పుడే ఉండదు, అది ముందు హెచ్చరించకుండానే పోవచ్చు కూడా.

ఇంకొకటి, ల్యాప్‌టాప్ జోలికి వెళ్లకుండా ఫోన్‌లోనే చేసుకోగలిగింది. ఇంకెక్కడా కాపీ లేదని రాశారు. అది నిజం కాకపోవచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన విండోస్ 11 లో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు మనకు తెలియకుండానే వన్‌డ్రైవ్‌లోకి కాపీ అవుతుండడం మామూలే. ఫోన్ బ్రౌజర్‌లో వన్‌డ్రైవ్ తెరిచి, ల్యాప్‌టాప్‌లో వాడే ఈమెయిల్‌తోనే లాగిన్ అయి చూడండి. ఉచితంగా ఇచ్చే చోటు 5 జీబీయే కాబట్టి ఫొటోలన్నీ ఉండకపోవచ్చు. వర్డ్ ఫైలు మాత్రం చాలా చిన్నది, పుస్తకం దొరికే అవకాశం బాగానే ఉంది. ఎవరికైనా మెయిల్‌లో పంపిన పాత భాగాలు కూడా వెతకండి. పుస్తకం దొరికిందంటే సగం టెన్షన్ అక్కడే పోతుంది, మిగతా పని నింపాదిగా చేసుకోవచ్చు.

ఇక ల్యాప్‌టాప్ దగ్గరికి వద్దాం. దానికి తగిలించి ఉన్నవన్నీ తీసేయండి: పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, ప్రింటర్ వైరు, మౌస్ తాలూకు చిన్న రిసీవర్, అన్నీ. మరిచిపోయిన పెన్‌డ్రైవ్ ఒక్కటి చాలు, బూట్ (కంప్యూటర్ మొదలవడం) దారి తప్పడానికి. ఛార్జర్ కూడా ఊడదీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. ఇది మంత్రం కాదు. బోర్డు మీద కరెంటును, బ్యాటరీని, బటన్లను చూసుకునే చిన్న చిప్ ఒకటి ఉంటుంది. మనం షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా నిద్రపోదు. అప్పుడప్పుడు అదే తికమకలో పడుతుంది. మిగిలిన కరెంటు అంతా పోతే అది మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. తర్వాత ఛార్జర్ పెట్టి, బ్యాటరీకి అరగంట తిండి పెట్టి, అప్పుడు ఆన్ చేయండి.

చుక్కలు వచ్చి నలుపైపోయాక ఈసారి వెంటనే ఆపకండి. ఛార్జర్ ఉంచి గంటసేపు వదిలేయండి. సగంలో ఆగిన అప్‌డేట్‌ను విండోస్ తనంతట తానే వెనక్కి తీసుకోవడానికి ప్రయత్నిస్తుంది. అది నడుస్తున్నంతసేపు స్క్రీన్ మీద ఏమీ లేకపోవచ్చు. డిస్క్ లైటు ఉన్న మోడల్ అయితే అది మినుకుమినుకుమంటోందా అని చూడండి. మినుకుతుంటే లోపల పని జరుగుతున్నట్టే, ఓపిక పట్టండి.

గంట తర్వాత కూడా నలుపే ఉంటే క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి, మళ్లీ నొక్కితే ఆరిందా? అయితే విండోస్ లోపల బతికే ఉంది, బొమ్మ మాత్రమే రావడం లేదు. అప్పుడు విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్ మూడూ పట్టుకుని బీ నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. సాధారణంగా ఒక చిన్న బీప్ వినిపిస్తుంది, స్క్రీన్ ఒకసారి మినుకుతుంది. హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలిపి చూడడం కూడా మంచిదే. టీవీలో మీ లాగిన్ స్క్రీన్ కనిపిస్తే ఇక చెప్పేదేముంది, ముందు ఫైళ్లు కాపీ చేసుకోండి. క్యాప్స్ లాక్ లైటు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే విండోస్ బిగుసుకుపోయిందని లెక్క.

అప్పుడు మనం వెళ్లాల్సిన చోటు విండోస్ రికవరీ, అంటే విండోస్ లేవనప్పుడు దాన్ని బాగుచేసుకునే స్క్రీన్. విండోస్ వరుసగా రెండుసార్లు సరిగ్గా మొదలవలేకపోతే ఆ తర్వాతిసారి తనే అక్కడికి తీసుకెళ్తుంది. మీ ల్యాప్‌టాప్ ఎన్నిసార్లు ప్రయత్నించినా అక్కడికి వెళ్లలేదంటే, విండోస్ లెక్కలో అది మొదలవడంలో ఓడిపోలేదేమో. గ్రాఫిక్స్ డ్రైవర్ మీద అనుమానం పెంచే విషయం ఇది. ఇప్పుడు మనమే తీసుకెళ్దాం. ఆన్ చేయండి, చుక్కలు తిరగడం మొదలవగానే పవర్ బటన్‌ను 10 సెకన్లు నొక్కి పట్టి ఆపేయండి. ఇలాగే ఇంకోసారి. మూడోసారి వదిలేస్తే ఆటోమేటిక్ రిపేర్ సిద్ధమవుతోందని స్క్రీన్ మీద వస్తుంది. ఇందాకే ఆపి నొక్కడం మానేయమన్నాను, ఇప్పుడు నేనే ఆపమంటున్నాను. నిజమే. రికవరీలోకి వెళ్లడానికి, అప్‌డేట్ నడవడం లేదని తేల్చుకున్నాక, ఈ రెండుసార్లు మాత్రమే. లోగో కింద శాతం అంకె తిరుగుతున్నా, బయాస్ అప్‌డేట్ అవుతోందని రాసి ఉన్నా బటన్ ముట్టుకోవద్దు. బయాస్ సగంలో తెగితే అప్పుడు రిపేరు ఆయన మాట నిజమవుతుంది.

రికవరీలోకి వెళ్లేటప్పుడు నీలం స్క్రీన్ మీద 48 అంకెల కీ అడగొచ్చు. బిట్‌లాకర్ అంటారు. చాలామంది దీన్ని చూసి వైరస్ అనుకుంటారు, ఎవరో హ్యాక్ చేశారనుకుంటారు. కాదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్ మొత్తం తాళం వేసే ఏర్పాటు తనంతట తానే ఆన్ అయి ఉంటుంది. ల్యాప్‌టాప్ దొంగ చేతిలో పడితే ఫైళ్లు చదవలేకుండా ఇది కాపాడుతుంది. మామూలు రోజుల్లో అడగదు, ఇలాంటి రోజునే అడుగుతుంది. కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉంటుంది. ఫోన్‌లో అకౌంట్ పేజీ తెరిచి, డివైజెస్‌లో మీ ల్యాప్‌టాప్ పేరు కింద బిట్‌లాకర్ కీలు చూడండి. ఒకటికి మించి ఉంటే, స్క్రీన్ మీద చూపించే కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలతో పోల్చుకుని సరైనది ఎంచుకోండి. మీ అకౌంట్‌లో లేకపోతే, కొన్న రోజున ఎవరి ఈమెయిల్‌తో సెటప్ చేశారో గుర్తుచేసుకోండి. మీవారిదో, మీ మరిదిదో అయి ఉండొచ్చు.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు బూట్ కాకుండా పడిపోయాయి. విమానాశ్రయాల్లో, ఆసుపత్రుల్లో నీలం స్క్రీన్లే. వాటిని బాగుచేయడానికి చేయాల్సింది సేఫ్ మోడ్‌లోకి (తప్పనిసరి భాగాలతోనే విండోస్ నడిచే పద్ధతి) వెళ్లి ఒక ఫైలు తీసేయడం, అంతే. కానీ బిట్‌లాకర్ ఉన్న చాలా మిషన్లకు ఆ 48 అంకెలు టైప్ చేయాల్సి వచ్చింది. రిపేరు నిమిషాల పని, కీ వెతకడం రోజుల పని అయింది. అందుకే ఆ కీ సంగతి ఇప్పుడే, ల్యాప్‌టాప్ ముట్టుకునే ముందే చూసి పెట్టుకోండి. కీ లేకుండా ఎవరూ, ఎంత గొప్ప టెక్నీషియన్ అయినా, ఆ ఫైళ్లు తెరవలేరు.

రికవరీలోకి వచ్చాక రీస్టార్ట్ కాకుండా అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ఎంచుకోండి, తర్వాత ట్రబుల్‌షూట్, మళ్లీ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. అక్కడ మీకు బోలెడు దారులు కనిపిస్తాయి. చాలామంది నేరుగా స్టార్టప్ రిపేర్ నొక్కుతారు. నేనైతే మొదట కమాండ్ ప్రాంప్ట్ తెరుస్తాను, రిపేరు కోసం కాదు, ఫైళ్ల కోసం.

నల్ల కిటికీ తెరుచుకున్నాక నోట్‌ప్యాడ్ అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. మనకు తెలిసిన మామూలు నోట్‌ప్యాడే వస్తుంది. అందులో ఫైల్ మెనూలోకి వెళ్లి ఓపెన్ నొక్కండి. ఫైలు ఎంచుకోమని ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. దాని కింది మూలన టెక్స్ట్ డాక్యుమెంట్స్ అని ఉన్నచోట ఆల్ ఫైల్స్ అని మార్చండి. అంతే, ఆ పెట్టెలోంచే మీ డిస్క్ మొత్తం కనిపిస్తుంది. విండోస్ లేవకపోయినా ఫైళ్లు చూసుకోవడానికి, కాపీ చేసుకోవడానికి ఇంతకంటే తేలిక దారి లేదు. ఎడమవైపు దిస్ పీసీ నొక్కండి. ఎక్స్ డ్రైవ్ అని ఒకటి ఉంటుంది, అది రికవరీ తాలూకుది, మీది కాదు. మీ సీ డ్రైవ్ ఇక్కడ డీ అనో, ఈ అనో కనిపించవచ్చు, కంగారు పడకండి. యూజర్స్ అనే ఫోల్డర్ ఉన్నదే మీది. అందులో మీ పేరు, దాని లోపల డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్. అవి ఖాళీగా ఉంటే పక్కనే ఉన్న వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపల చూడండి.

ఇప్పుడు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కో, పెద్ద పెన్‌డ్రైవో తగిలించండి. కావలసిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ, కొత్త డ్రైవ్‌లోకి వెళ్లి పేస్ట్. కాపీ అవుతున్నట్టు గీత గానీ, శాతం గానీ కనిపించదు. ఆ పెట్టె బిగుసుకుపోయినట్టు ఉంటుంది. చాలామంది ఇక్కడే హడలిపోయి ఆపేస్తారు. పెన్‌డ్రైవ్ లైటు మినుకుతోందంటే కాపీ జరుగుతోంది. పుస్తకం ముందు, ఫొటోలు తర్వాత. మొత్తం ఫోల్డర్ ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా కాపీ చేస్తే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. పెద్ద వీడియో ఒకటి మొండికేస్తే పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ 32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉందేమో చూడండి. అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. కాపీ అయిందనిపించాక ఆ డ్రైవ్‌ను వేరే కంప్యూటర్‌లో పెట్టి, పుస్తకం ఫైలు తెరిచి, చివరి పేజీ దాకా ఉందో లేదో కళ్లారా చూసుకోండి. పేరు కనిపించినంత మాత్రాన ఫైలు ఉన్నట్టు కాదు.

కాపీ మధ్యలో కొన్ని ఫైళ్లు ఎంతకీ కదలకపోతే, లేదా చదవలేకపోతున్నానని చెబితే, మూడో అనుమానమైన డిస్క్ జబ్బు నిజమయ్యే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు వచ్చినంత తీసుకుని ఆపండి. ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పారని చెక్‌డిస్క్ నడపొద్దు. అది డిస్క్‌లో ప్రతి మూలా తడిమి చూస్తుంది, బలహీనమైన డిస్క్‌కు అదే ఆఖరి దెబ్బ కావచ్చు. కాపీ చేతికి వచ్చాక ఎన్నిసార్లయినా నడుపుకోండి. అలాగే బూట్‌రెక్ పేరుతో నాలుగైదు ఆదేశాలు ప్రతిచోటా రాసి ఉంటాయి. అవి విండోస్ లోడ్ చేసే ప్రోగ్రాం చెడిపోయినప్పటి సంగతి. మీకు చుక్కలు తిరుగుతున్నాయి కాబట్టి ఆ ప్రోగ్రాం పనిచేస్తోంది. వాటితో మీకు ఒరిగేదేమీ లేదు.

ఫైళ్లు చేతికొచ్చాయా? ఇప్పుడు నిర్భయంగా రిపేరు మొదలుపెట్టండి. మీ విషయంలో అప్‌డేటే మొదటి ముద్దాయి కాబట్టి అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ నొక్కి, ముందు లేటెస్ట్ క్వాలిటీ అప్‌డేట్ తీసేయండి. దానితో లేస్తే పని అయిపోయింది. లేవకపోతే స్టార్టప్ రిపేర్. దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు, సరిచేయలేకపోయాను అనే మాటే ఎక్కువగా వింటాం, కానీ నష్టం లేదు కాబట్టి నడపండి. తర్వాత సిస్టమ్ రిస్టోర్, అంటే విండోస్‌ను వెనకటి స్థితికి తీసుకెళ్లడం, పాత తేదీ ఏదైనా చూపిస్తే. తర్వాత స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి రీస్టార్ట్ చేస్తే అంకెలతో జాబితా వస్తుంది, 4 నొక్కితే సేఫ్ మోడ్. సేఫ్ మోడ్‌లో చక్కగా తెరుచుకుని, మామూలుగా తెరుచుకోలేదంటే దాదాపు డ్రైవర్ గొడవే. అక్కడే డివైజ్ మేనేజర్ తెరిచి, డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఉన్నదాన్ని రోల్ బ్యాక్ చేయండి, అంటే పాత డ్రైవర్‌కు తిరిగి వెళ్లండి. ఆ అవకాశం లేకపోతే అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి.

ఇవేవీ పనిచేయకపోతే రీసెట్ దిస్ పీసీ. అందులో కీప్ మై ఫైల్స్ అంటే మీ ఫైళ్లు ఉంచి ప్రోగ్రాంలు తీసేస్తుంది. రిమూవ్ ఎవ్రీథింగ్ అంటే మీ మరిది చెప్పిన ఫార్మాటే. పాత హార్డ్‌డిస్క్‌ను పైపైన ఫార్మాట్ చేయడం పుస్తకంలో విషయసూచిక చింపేయడం లాంటిది, పేజీలు లోపలే ఉంటాయి, నిపుణులు వెతికి తీయగలరు. ఎస్ఎస్‌డీ అలా కాదు. తుడిచేసిన చోటు ఇక అక్కర్లేదని విండోస్ దానికి చెబుతుంది, అది లోపల ఖాళీ చేసేసుకుంటుంది. బిట్‌లాకర్ తాళం కూడా ఉన్న డిస్క్ అయితే తుడిచాక ఎవరి చేతా కాదు. "ఫార్మాట్ కొట్టాక రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తీద్దాంలే" అనేవాళ్ల మాట నమ్మకండి.

అసలు రికవరీ స్క్రీనే రాకపోతే? ఇంకో కంప్యూటర్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు లాంటి లినక్స్‌ను (విండోస్‌కు బదులు వాడే మరో ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించి, దానితో ల్యాప్‌టాప్‌ను బూట్ చేసి ఫైళ్లు తీసుకోవచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయడానికి ఆన్ చేయగానే ఒక కీ నొక్కాలి. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి తర్వాత ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. వచ్చిన స్క్రీన్‌లో ట్రై అన్నదే ఎంచుకోండి. పొరపాటున కూడా ఇన్‌స్టాల్ నొక్కవద్దు, అది డిస్క్‌నే తుడిచేసే దారికి తీసుకెళ్తుంది. ఇక్కడ కూడా బిట్‌లాకర్ కీ కావాలి. డిస్క్‌ను చదవడానికే తెరిచాను, రాయడానికి కాదు అని లినక్స్ చెబితే పట్టించుకోకండి, మనకు కావలసింది చదవడమే. మీ మరిదికి ఇలాంటి పనుల్లో ఉత్సాహం ఉన్నట్టుంది కాబట్టి ఈ పని ఆయనకు అప్పగించండి.

బయాస్ సెట్టింగుల్లోకి వెళ్లి చూడడం వరకు మంచిదే. అక్కడ డిస్క్ పేరు కనిపిస్తోందా, తేదీ సరిగా ఉందా అని చూసి వచ్చేయండి. సెక్యూర్ బూట్, సాటా మోడ్, లెగసీ లాంటివి మార్చవద్దు. బాగానే ఉన్న విండోస్ కూడా సాటా మోడ్ మార్చితే నీలం స్క్రీన్ వేస్తుంది. మీ మరిది ఇప్పటికే ఏదైనా మార్చి ఉంటే, మార్చినదాన్ని వెనక్కి పెట్టమనండి. డెల్‌లో ఎఫ్12 మెనూలోనూ, హెచ్‌పీలో ఎఫ్2 తోనూ కంపెనీ వాళ్ల పరీక్షలు ఉంటాయి. విండోస్ అవసరం లేకుండా డిస్క్‌ను, ర్యామ్‌ను పరీక్షిస్తాయి. డిస్క్ ఫెయిల్ అని వస్తే డిస్క్ మార్చడమే, విండోస్ మీద కుస్తీ అనవసరం. కాపీ తీసుకున్నాకే ఈ పరీక్ష.

ఇదే సమస్య అనుకుని ఇంకొందరు రాస్తున్నారు, వాళ్లది వేరే. అసలు లైటే వెలగకపోతే ముందు ఛార్జర్‌ను అనుమానించండి. టైప్ సీ ఛార్జర్ల కాలంలో ఫోన్ ఛార్జర్ ల్యాప్‌టాప్‌కు సరిగ్గా దూరుతుంది, కానీ 18 వాట్ల ఛార్జర్‌తో 65 వాట్లు అడిగే ల్యాప్‌టాప్ లేవకపోవచ్చు. లైటు, ఫ్యాన్ ఉండి లోగో కూడా రాకపోతే ర్యామ్ వంక చూడాలి. అప్పుడు ల్యాప్‌టాప్ బీప్‌లతోనో, లైటు మినుకులతోనో ఏదో చెబుతుంటుంది. లెక్కపెట్టి రాసుకోండి. ఉదాహరణకు డెల్ మోడళ్లు చాలావాటిలో లైటు రెండుసార్లు నారింజ రంగులో, మూడుసార్లు తెల్లగా మినికితే ర్యామ్ కనిపించడం లేదని. ర్యామ్ తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టినప్పుడు, మొదటిసారి ఆన్ చేయగానే ఒకటి రెండు నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు, దాన్ని చూసి మళ్లీ ఆపేయకండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టో, అడుగు భాగం ఉబ్బినట్టో ఉంటే బ్యాటరీ ఉబ్బింది. ఛార్జింగ్ పెట్టవద్దు, నొక్కి సరిచేయవద్దు, నేరుగా సర్వీసుకు ఇవ్వండి. నీళ్లు పడిన ల్యాప్‌టాప్‌ను ఆరిందో లేదో చూద్దామని ఆన్ చేయడమే దాన్ని చంపడం.

ఇవన్నీ మీ వల్ల కాదనిపిస్తే మొహమాటపడకుండా టెక్నీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి, కానీ ఫోన్‌లోనే మదర్‌బోర్డు అన్న ఆయన దగ్గరికి వద్దు. చూడకుండా రోగం చెప్పేవాళ్లు చూశాక కూడా అదే చెబుతారు. ఒక కాగితం మీద రాసి ల్యాప్‌టాప్‌కు అతికించండి: "లోగో, చుక్కలు వస్తాయి, తర్వాత నలుపు. అప్‌డేట్ మధ్యలో ఆగింది. ముందు డేటా తీయాలి. నన్ను అడగకుండా ఫార్మాట్ చేయవద్దు." నోటిమాటగా చెప్పింది కౌంటర్ దగ్గరే ఆగిపోతుంది, లోపల పనిచేసే మనిషికి చేరేది కాగితమే. డిస్క్ మార్చాల్సి వస్తే పాత డిస్క్ తప్పకుండా వెనక్కి తీసుకోండి, అందులో మీ ఇల్లంతా ఉంది.

ల్యాప్‌టాప్ లేచాక ఆ రోజే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి, పాజ్ ఫర్ 1 వీక్ నొక్కండి. లేకపోతే మీరు తీసేసిన అప్‌డేట్ రెండోరోజుకే మళ్లీ దిగుతుంది. ఆ వారంలో ఫొటోలు రెండో చోట కూడా కాపీ చేసుకోండి, ఛార్జర్ పెట్టి ఉంచి, పగటిపూట మీరు దగ్గరుండగా అప్‌డేట్‌ను మళ్లీ రానివ్వండి.